కిక్కిరిసిన ద్రావణంలో థయోఫ్లావిన్ కొలతను సరిచేసుకున్న విధానం

బాక్టీరియా కణంలో లీటరుకు 300 నుంచి 400 గ్రాముల దాకా బృహదణువులు (ప్రోటీన్ల వంటి పెద్ద అణువులు) ఉంటాయి కనుక, ప్రోటీన్ అణువులు దారాల్లా పేరుకుని పోగులు ఏర్పడే తీరును అటువంటి ఇరుకులోనే గమనించాలని బఫర్ ద్రావణంలో ఫికోల్ 70 అనే పెద్ద చక్కెర పాలిమర్‌ను కలిపాను. అయితే, పోగులకు అతుక్కుని వెలుగుతూ వాటి ఉనికిని తెలిపే థయోఫ్లావిన్-టి అనే రంగు ప్రతిదీప్తి (కాంతిని గ్రహించి తిరిగి వెలువరించే వెలుగు) ప్రోటీన్ వేయకముందే పెరిగింది.

ఈ రంగు అణువులోని రెండు భాగాలు తమను కలిపే బంధం చుట్టూ మెలితిరుగుతూ, గ్రహించిన శక్తిని కాంతి వెలువరించకుండానే పోగొట్టుకుంటాయి. చుట్టూ ఉన్న ద్రవం చిక్కబడినా, అణువు ప్రోటీన్ పోగుకు అతుక్కున్నా ఆ కదలిక మందగించి వెలుగు హెచ్చుతుంది. కాబట్టి పరికరం చూపే అంకె ఒక్కటే ఈ రెండు కారణాలను విడదీయలేదు.

అందుకని ప్రతి ప్లేటులోనూ ప్రోటీన్ లేని ఫికోల్ నమూనాను, పెరుగుదల చిక్కదనం వల్లేనా అని పోల్చి చూసేందుకు దానంత చిక్కదనమే గల సుక్రోజ్ (చక్కెర) నమూనాను పక్కపక్కనే ఉంచి, ఫికోల్ విలువను అసలు కొలత నుంచి తీసివేశాను. చిక్కని ఫికోల్ పిపెట్ మొన లోపలి గోడలకు పట్టుకుని పూర్తిగా జారదు గనుక, దాన్ని పరిమాణంతో కాక తూకంతోనే కలిపాను. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఇదే. చివరగా నమూనాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేటలో (పైన తేరిన ద్రవంలో) మిగిలిన ప్రోటీన్‌ను థయోఫ్లావిన్ ప్రమేయం లేకుండా కొలిచి, ఆ ఫలితాన్ని సవరించిన వక్రరేఖతో సరిచూసుకున్నాను.