పాత స్విమ్మింగ్ పూల్‌ను తనిఖీ చేసే ముందు

నేలపై నిలబెట్టిన పూల్‌ను చూస్తే తొట్టిలాగే ఉంటుంది కానీ, గుండ్రంగా నాలుగున్నర మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతున్న దాంట్లో దాదాపు 19 టన్నుల నీళ్లుంటాయి. ఆ బరువంతా పలచని రేకు గోడే ఆపుతోంది.

- ముందు పంపు కరెంటు మెయిన్ దగ్గరే ఆపండి. తడి చేతులతో ప్లగ్ పీకడం వద్దు.
- పిల్లల్ని దూరంగా ఉంచండి.
- గోడ ఉబ్బినా, ఒరిగినా దగ్గరికి వెళ్లొద్దు. దూరం నుంచే నీళ్లు తగ్గించే ఏర్పాటు చూడండి.
- తుప్పు ఎక్కువగా స్కిమ్మర్ (నీటిపై తేలే చెత్తను లాగే పెట్టె) కింద, గోడ అడుగు పట్టీలో మొదలవుతుంది. పెయింట్ పొక్కులు లేచి, వేలితో తడిమితే గోధుమరంగు పొడి రాలుతుంది. ఎంత లోతుందో చూద్దామని స్క్రూడ్రైవర్‌తో మాత్రం పొడవకండి, పూల్ నిండుగా ఉంది మరి!
- పాత లైనర్ (పూల్ లోపల పరిచే ప్లాస్టిక్ షీటు) ఉంటే నీళ్లు పూర్తిగా తోడేయకండి. ఎండితే ముడుచుకుపోతుంది, మళ్లీ నింపేటప్పుడు చిరుగుతుంది.
- క్లోరిన్, యాసిడ్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. మందును నీళ్లలో వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు.
- నిచ్చెన బోల్టులు కదిపి చూశాకే ఎక్కండి.