బీపీ, షుగరు రోగులు చెప్పిన తేదీకి తిరిగి రావాలంటే

గోదావరి లంక నుంచి రేవు దాటి వచ్చి, నెలకు సరిపడా మాత్రలు పట్టుకెళ్ళిన మనిషి మళ్ళీ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) గడప తొక్కకపోతే శ్రద్ధ లేదంటాం. శ్రద్ధ ఉంటుంది. కానీ బీపీ నొప్పి పెట్టదు, పోయే రోజుకూలీ మాత్రం కళ్ళకు కనిపిస్తుంది. కాబట్టి బోధలు తగ్గించి, దారిలో అడ్డంకులు తియ్యాలి.

ముందు రిజిస్టరు తీసి, 3 నెలల్లో రావలసినవాళ్ళెందరో, వచ్చినవాళ్ళెందరో ఊరివారీగా లెక్క కట్టండి. ఒకే ఊరివాళ్ళు ఎక్కువగా మానేస్తుంటే లోపం పడవ వేళకూ ఓపీ వేళకూ పొంతన లేకపోవడంలో ఉండొచ్చు. మానేసినవాళ్ళలో పదిమందిని ఏఎన్ఎమ్ (ఊళ్ళో తిరిగే ఆరోగ్య కేంద్రం నర్సు) ఇంటికెళ్ళి అడగాలి. "ఎందుకు రాలేదు?" అంటే సాకు చెబుతారు. "ఆ రోజు ఏం పని పడిందండీ?" అంటే సంగతి బయటపడుతుంది.

అసలు కీలకం తేదీ. 30 రోజుల మాత్రలిచ్చి సరిగ్గా నాలుగు వారాలకు, అంటే 28 రోజులకు రమ్మనండి. వారం మారదు, మంగళవారం వచ్చినవాళ్ళకి ఎప్పుడూ మంగళవారమే. ఒకరోజు తప్పినా మాత్రలు అయిపోవు. ఏ పడవకి వస్తారో, ఎవరితో వస్తారో వాళ్ళ నోటే చెప్పించండి. తేదీ కూడా వాళ్ళ చేతే కార్డు మీద రాయించండి, రాయలేకపోతే వెంట వచ్చినవాళ్ళు రాస్తారు. ఇంగ్లండు క్లినిక్కుల్లో జరిపి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇలా సొంతంగా రాసుకోవడంతో గైర్హాజరు 18 శాతం తగ్గింది.

"పోయిన నెల ఇంతమంది రాలేదు" అని బోర్డు పెట్టకండి. మానెయ్యడం మామూలేనని చదివినవాళ్ళకి అనిపిస్తుంది. వచ్చినవాళ్ళ సంఖ్య రాయండి, అదీ నిజమైనదే.

రెండు రోజుల ముందు ఆశా కార్యకర్త ఫోన్ చెయ్యాలి. మెసేజీ ఒక్కటే చాలదు, ఆ ఫోను కొడుకు జేబులో ఉంటుంది. సార్వా నాట్లు, గోదావరి వరద ఒకేసారి మీద పడే జులై, ఆగస్టుల్లో, బీపీ అదుపులో ఉన్నవాళ్ళకి డాక్టరు సరేనంటే 2 నెలల మాత్రలు ముందే ఇచ్చెయ్యండి.

ఆలస్యంగా వచ్చినవాళ్ళని కౌంటర్లో నలుగురి ముందూ కసిరితే ఈ శ్రమంతా వృథా. సిగ్గుపడి ఈసారి పూర్తిగా మానేస్తారు.

సిబ్బందిని అంకెలతోనే తూచినా అంతే, వెళ్ళని ఇంటికీ టిక్కు పడుతుంది. పేజీ నిండా 120/80, 130/80 అని సున్నాతో ముగిసే అంకెలే ఉంటే కొలవకుండా రాసినవి కావచ్చు, ఆ ఊళ్ళో ఓ అయిదుగురికి మీరే మళ్ళీ బీపీ చూడండి.