పాత హోమ్ కంప్యూటర్‌లో రంగులు రావడం లేదా? మూత తీసే ముందు జాగ్రత్తలు

బొమ్మ వస్తోంది, కానీ నలుపు తెలుపులోనే. స్క్రూడ్రైవర్ అందుకునే ముందు ఇవి చూసుకోండి.

• టీవీ సంగతి ముందు తేల్చుకోండి. పాల్, ఎన్‌టీఎస్‌సీ అనేవి టీవీ సిగ్నల్ పద్ధతులు. పాల్ పద్ధతిలో రంగు సిగ్నల్ 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర, ఎన్‌టీఎస్‌సీలో 3.58 దగ్గర ఉంటుంది. ఒకటే తెలిసిన టీవీకి రెండో రకం కంప్యూటర్ తగిలిస్తే రంగు రాదు. అప్పుడు బోర్డులో వెతికి లాభం లేదు.

• కేబుల్ మార్చి చూడండి. ఉదాహరణకు, 1980ల నాటి హోమ్ కంప్యూటర్ కమడోర్ 64లో వెలుగు సిగ్నల్‌కి విడిగా ఒక పిన్ను ఉంది. కేబుల్ పొరపాటున దాన్ని కాంపోజిట్ (వెలుగు, రంగు రెండూ ఒకే తీగలో వచ్చే) సాకెట్‌కి కలిపితే బొమ్మ చాలా స్పష్టంగా, రంగు లేకుండా కనిపిస్తుంది.

• పవర్ సప్లై. దీని దగ్గర మాత్రం తొందర వద్దు. కమడోర్ 64 పాత అడాప్టర్‌లో 5 వోల్టుల రెగ్యులేటర్ (వోల్టేజీని స్థిరంగా ఉంచే భాగం) పాడైతే వోల్టేజీ పెరిగిపోయి చిప్పులు కాలిపోతాయి. కంప్యూటర్‌కి తగిలించకముందే మీటర్‌తో కొలవండి. 5.25 వోల్టులు దాటితే పక్కన పెట్టేయండి. ఇవాళ సరిగ్గా చూపించినా రేపటికి భరోసా లేదు కాబట్టి, కొత్త సప్లై కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం.

• ప్లగ్ తీశాకే మూత తీయండి. చిప్పులు ముట్టుకునే ముందు ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోండి.

• రంగు ట్రిమ్మర్ (బోర్డు మీద రంగు ఫ్రీక్వెన్సీని సరిచేసే చిన్న స్క్రూ) తిప్పే ముందు ఫొటో తీసి, పెన్నుతో గీత పెట్టుకోండి. ప్లాస్టిక్ స్క్రూడ్రైవరే వాడండి; లోహం తగిలితే ఫ్రీక్వెన్సీ జరిగిపోతుంది. కొద్దికొద్దిగా తిప్పండి.

• సీఆర్‌టీ (పాతకాలపు గాజు పిక్చర్ ట్యూబ్) టీవీ మూత మాత్రం తెరవొద్దు. ప్లగ్ తీసేసినా లోపల వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు.