బాత్‌రూమ్‌లో నీళ్లు నిలబడుతున్నాయా? ముందు జాలీ ఎత్తి చూడండి

తలంటు పోసుకున్న రోజు నీళ్లు పాదాలు మునిగేలా నిలబడుతున్నాయంటే, అడ్డం చాలావరకు జాలీకి జానెడు లోపలే ఉంటుంది. ఊడిన జుట్టు, దానికి పట్టిన కొబ్బరినూనె, సబ్బు, సున్నిపిండి, కుంకుడు పిప్పి అన్నీ కలిసి అక్కడ ముద్దకడతాయి. విజయవాడ, గుంటూరుల్లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకోటి తోడవుతుంది. ఉప్పునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి జిగట మడ్డి తయారవుతుంది. అది నీళ్లలో కరగదు, జుట్టు చుట్టూ పేరుకుని గట్టిపడుతుంది. అందుకే పొడులూ యాసిడ్లూ కొనేముందు చేత్తో తీయగలిగినంతా తీసేయాలి.

అంతకంటే ముందు అడ్డం ఎక్కడుందో తేల్చుకోండి. ఒక్క బాత్‌రూమ్‌లోనే నీళ్లు నెమ్మదిగా పోతుంటే తప్పు ఆ గది ట్రాప్‌లోనే, అంటే జాలీ కింద నీళ్లు నిలిచే వంపులోనే. రెండు బాత్‌రూములూ, వంటింటి సింకూ ఒకేసారి మొరాయిస్తే బయటి ఛాంబర్ (ఇంటి పైపులు వచ్చి కలిసే గుంత) మూత తీసి చూడాలి. ఛాంబర్ నిండి ఉంటే అడ్డం దాని అవతల. ఖాళీగా ఉంటే అడ్డం ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య. అపార్ట్‌మెంట్‌లో పైవాళ్లు స్నానం చేస్తే మీ జాలీలోంచి నీళ్లు పైకి తంతున్నాయంటే అది నిలువు పైపు సమస్య. మీరు మీ బాత్‌రూమ్‌లో ఏం పోసినా లాభం లేదు, అసోసియేషన్‌కి చెప్పి కింది నుంచి తీయించాలి. స్నానం నీళ్లు వీధి సైడు కాలువలోకి పోయే ఇళ్లలో వానాకాలం మరో చిక్కుంది. కాలువ నీళ్లు మీ పైపు మూతి కన్నా పైకి వస్తే అవి తగ్గేదాకా బాత్‌రూమ్ నీళ్లు కదలవు. అప్పుడు పంపు (కర్రకు రబ్బరు కప్పు ఉండే ప్లంజర్) కొట్టి చేతులు నొప్పి చేసుకోవడం దండగ.

ట్రాప్‌లోనే అని తేలాక చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకుని, పక్కన ఒక పాత ప్లాస్టిక్ కవరు పెట్టుకోండి. కొన్ని జాలీలు ఊరికే పెట్టి ఉంటాయి, చదును స్క్రూడ్రైవర్‌తో అంచు లేపితే వచ్చేస్తాయి. కొన్ని తిప్పితే ఊడతాయి. కొన్నిటికి రెండు స్క్రూలుంటాయి; తుప్పు పట్టి ఉంటే ఒక చుక్క కొబ్బరినూనె వేసి పావుగంట ఆగండి. వైట్ సిమెంటుతో బిగించేసిన జాలీని సుత్తితో కొట్టకండి, టైలు పగులుతుంది. దాని కంతల్లోంచే పని కానివ్వాలి.

బొద్దింకలు రాకుండా వేసే జాలీ అయితే కింద బోర్లించిన కప్పు ఒకటి ఉంటుంది. జుట్టు ముందుగా చుట్టుకునేది దానికే. కప్పు బయటికి తీసి, దాని అంచుకు చుట్టలు చుట్టుకున్న నల్లటి ముద్దను లాగేయండి. చాలా ఇళ్లలో ఇక్కడితోనే పని అయిపోతుంది. కప్పు మళ్లీ పెట్టడం మాత్రం మరవద్దు. అది లేకపోతే వాసన, బొద్దింకలు రెండూ లోపలికి వస్తాయి.

ఇంకా దిగకపోతే రెండడుగుల జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) తీసుకుని, కొసను ఒక సెంటీమీటరు మేర కొక్కెంలా వంచండి. ట్రాప్ గోడను ఆనుకుని దింపి, రెండు మూడు చుట్లు తిప్పి, మెల్లగా పైకి లాగండి. గబుక్కున లాగితే ముద్ద తెగి సగం లోపలే ఉండిపోతుంది. కిందికి పొడవడం అసలు వద్దు, చేతికి అందే ముద్దను వంపు దాటించి అందకుండా చేసుకున్నట్టే. చీపురు పుల్లలు విరిగి లోపలే ఉండిపోతాయి, అవే కొత్త అడ్డం అవుతాయి. అడుగున ఇసుక, బురద ఉంటే పాత గరిటెతో తోడేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు వచ్చిన విజయవాడ సింగ్‌నగర్ లాంటి చోట్ల ట్రాపుల్లో దిగిన మట్టికి ఏ పొడీ పనిచేయదు, తోడడమే.

ముద్ద వచ్చాక వేడినీళ్లు పోయండి, కానీ మరుగుతున్నవి కాదు. పీవీసీ పైపులు 60 డిగ్రీలు దాటితే మెత్తబడతాయి, అతుకులు వదులవుతాయి. రెండు చెంబుల మరిగిన నీళ్లకు మూడు చెంబుల చన్నీళ్లు కలిపితే సుమారు ఆ వేడి వస్తుంది. మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్లే కాగుతుంటాయి, అప్పుడు చన్నీళ్లు ఇంకో చెంబు ఎక్కువ పోయండి.

పంపు కొట్టాల్సి వస్తే రబ్బరు కప్పు మునిగేలా నీళ్లుండాలి. వాష్‌బేసిన్ పైపు కూడా అదే ట్రాప్‌లోకి వస్తుంటే దాని కంతను తడిగుడ్డతో గట్టిగా మూయాలి, లేకపోతే గాలి అటు పోతుంది. పదిహేను, ఇరవై సార్లు కొట్టి చివరిసారి ఒక్కసారిగా పైకి లాగండి.

బాత్‌టబ్‌కీ ఇదే పద్ధతి, అయితే పైన ఉండే ఓవర్‌ఫ్లో కంతను గుడ్డతో మూసి కొట్టాలి. దానికి ముందు మూత తీయండి. పైకెత్తి తిప్పే రకం మూత గుండీకి పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, ఎలెన్ కీతో (ఆరు పలకల L ఆకారపు కమ్మీతో) వదులు చేయాలి. ఓవర్‌ఫ్లో దగ్గరి గుండ్రటి పిడి తిప్పితే లేచే రకం అయితే మూతను చేత్తో పైకి లాగితే చాలు. దాని కింద ప్లస్ ఆకారపు కమ్మీకి జుట్టు పట్టుకుని ఉంటుంది.

వీటన్నిటికీ లొంగకపోతే శానిటరీ షాపులో దొరికే, పైపులోకి దూర్చే పొడవాటి స్ప్రింగ్ వాడండి. మూడు నుంచి ఐదు మీటర్లది సరిపోతుంది. అడ్డం తగిలాక తోయకుండా తిప్పుతూ లాగాలి.

కాస్టిక్ సోడా పొడి ఆఖరి మార్గం. అది జుట్టును, నూనెను కరిగిస్తుంది, కానీ వైట్ సిమెంటును, ఇసుకను ఏమీ చేయదు. నిలిచిన నీళ్లు మగ్గుతో తోడేసి, ప్యాకెట్ మీద చెప్పినంతే పొడి వేసి, దూరంగా నిలబడి చన్నీళ్లు పోయండి. వేడినీళ్లు పోస్తే మొహం మీదికి చిమ్ముతుంది. అరగంటకు బకెట్ నీళ్లు కొట్టండి. పొడి వేశాక పంపు వాడకండి. కంట్లో పడితే పదిహేను ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. ఈ పొడితోపాటు టాయిలెట్ యాసిడ్ పోస్తే ఉడికి చిమ్ముతుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసి ఉన్న చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. వంటసోడా, వెనిగర్ చిట్కా చూడ్డానికి బాగా పొంగుతుంది గానీ జుట్టు అలాగే ఉంటుంది. వాసనకు పర్వాలేదు, అడ్డానికి కాదు.

జాలీ మీది తెల్లటి ఉప్పు పొరకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు ఒక మగ్గు గోరువెచ్చని నీళ్లలో కలిపి, జాలీని గంటసేపు నానబెట్టండి. మార్బుల్ నేల మీద మాత్రం ఒలకనివ్వద్దు, మచ్చ పడుతుంది. ఇక మీదట కుంకుడు రసం గుడ్డలో వడగట్టి వాడండి, స్నానానికి ముందే తల దువ్వుకోండి, వారానికోసారి జాలీ ఎత్తండి. వేసవిలో ఊరెళ్లేటప్పుడు ప్రతి ట్రాప్‌లోనూ రెండు మగ్గుల నీళ్లు పోసి వెళ్లండి. వంపులో ఉండే రెండంగుళాల నీళ్లు ఆరిపోతేనే పైపు వాసన ఇంట్లోకి వస్తుంది.