హోమ్ థియేటర్ రిసీవర్ కొనే ముందు జాగ్రత్తలు

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి బయల్దేరే ముందే స్పీకర్ల వెనక రాసిన ఓమ్‌లు (కరెంటుకి స్పీకర్ చూపే నిరోధం) రాసుకోండి, టీవీ అర లోతు టేపుతో కొలవండి. చాలా రిసీవర్లు (స్పీకర్లని నడిపే పెట్టెలు) 35 సెంటీమీటర్ల లోతు పైనే ఉంటాయి. కేబుళ్ల వంపుకి ఇంకో ఐదారు కావాలి.

వాట్ల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. డబ్బా మీద 150 వాట్లని ఉంటుంది. కింద సన్న అక్షరాల్లో "6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, ఒక్క ఛానెల్" అని ఉంటే ఆ అంకెని పక్కన పెట్టేయండి, అది శబ్దం బాగా చెదిరే స్థాయిలో, ఒక్క స్పీకర్‌నే మోగించి కొలిచింది. 8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు ఛానెళ్లు అన్న వరుసనే పోల్చండి. అన్ని ఛానెళ్లూ ఒకేసారి మోగితే అదీ తగ్గుతుంది, పవర్ సప్లై అన్నిటికీ ఒక్కటే కదా.

4 ఓమ్‌ల స్పీకర్లయితే మాన్యువల్‌లో అనుమతి ఉందా చూడాల్సిందే. లేకుంటే అవి కరెంటు ఎక్కువ లాగి, రిసీవర్ వేడెక్కి, సినిమా మధ్యలో ప్రొటెక్షన్‌లోకి పోవచ్చు, అంటే తనంతట తానే ఆగిపోవచ్చు.

అమెరికా నుంచి చుట్టాలు తెస్తామన్నారా? వెనక ప్లేటు మీద 120 వోల్టులే ఉంటే మన 230కి నేరుగా పెట్టకండి, కాలిపోతుంది.

టీవీ యాప్‌ల అట్మాస్‌కి (పైనుంచి కూడా వినిపించే శబ్దం) మామూలు ఆర్క్ (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కి పంపే హెచ్‌డీఎంఐ దారి) చాలు, టీవీ దాన్ని పంపగలిగితే. టీవీకి కలిపిన బ్లూరే ప్లేయర్ నుంచి ట్రూహెచ్‌డీ (నాణ్యత తగ్గించని శబ్దం) రావాలంటే మాత్రం టీవీకీ రిసీవర్‌కీ రెండింటికీ ఈఆర్క్ (ఆర్క్‌కి కొత్త రూపం) ఉండాలి. గేమ్ కన్సోల్ ఉంటే 4కె 120 (సెకనుకి 120 ఫ్రేముల 4కె బొమ్మ) రిసీవర్‌లో ఏ హెచ్‌డీఎంఐ పోర్టులో వస్తుందో అడగండి. కొన్నిట్లో ఒకటో రెండో పోర్టుల్లోనే.

బిగించేముందు ప్లగ్ తీసేయండి. స్పీకర్ వైరు 1 సెంటీమీటరే ఒలిచి, పోగులు మెలిపెట్టండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా షార్టే.

చెన్నై వేడికి మూసిన అర వద్దు.