ల్యాప్‌టాప్ సెగలు కక్కుతోందా? ముందు దుమ్ము చూడండి

మా కోనసీమలో వరి నూర్పిళ్లు మొదలయ్యాయంటే ఇంట్లో ప్రతి వస్తువు మీదా దుమ్మే. ల్యాప్‌టాప్ ఫ్యాను కూడా దాన్నే లోపలికి లాక్కుంటుంది. వేడెక్కిపోతుంటే పూర్తిగా ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, చల్లారనివ్వండి. అడుగునున్న రంధ్రాల్లోంచి ఫ్యాను రెక్కని టూత్‌పిక్‌తో కదలకుండా పట్టుకుని, బ్లోయర్‌తో కొద్దికొద్దిగా ఆపి ఆపి కొట్టండి. గాలి వేగానికి రెక్క గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది, ఇది మాత్రం మర్చిపోవద్దు. నోటితో అస్సలు ఊదకండి, తేమ లోపలికి పోతుంది. అసలే మనది ఉక్కపోత ప్రాంతం. పరుపు మీద పెట్టి వాడొద్దు.

అప్పటికీ తగ్గకపోతే, విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి మార్చండి. చాలా మోడళ్లలో టర్బో (ప్రాసెసర్ తనంతట తానే వేగం పెంచుకునే ఏర్పాటు) ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది. వేగం కాస్త తగ్గినా, మామూలు పనులకి తేడా తెలియదు.