గాయాల లెక్క – 5వ పాఠం: పైన ఎవరుంటే కిందా వాళ్లే ఉండాలి

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. ఈసారి రిజిస్టర్‌కి ఎక్కని గాయాలని లెక్కపెట్టే రెండు జాబితాల పద్ధతి మొదలుపెడదామనుకున్నాను, మొదలుపెడతాను కూడా, కానీ దాని జోలికి వెళ్లేముందు పాత లెక్క తేల్చుకోవాలి. ఎక్కువమంది ఒకే చోట తడబడ్డారు. ఆ తడబాటుతోనే ముందుకి పోతే ఇకమీద మనం వేసే ప్రతి అంకె తప్పే అవుతుంది.

లెక్క ఇది. చిత్తూరు పక్కన ఒక గ్రానైట్ కటింగ్ యూనిట్ ఉందనుకున్నాం (అంకెలు పాఠం కోసం నేను వేసుకున్నవే, ఈ పాఠంలో వచ్చే మిగతా యూనిట్ల అంకెలూ అంతే). 40 మంది, రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులు, 3 గాయాలు. గాయాల రేటు ఎంత? మీలో చాలామంది 3ని 40తో భాగించి నూటికి ఏడున్నర అని పంపారు. భాగహారం సరిగ్గానే ఉంది, భాగించాల్సినది మాత్రం మనుషులతో కాదు, గంటలతో. 40 × 8 × 300 అంటే 96,000 గంటలు. 3ని 10 లక్షలతో గుణించి 96,000తో భాగిస్తే 31.25 వస్తుంది. అంటే పది లక్షల పనిగంటలకి 31 గాయాలు. ఓటీ గంటలు కూడా కలపాలని వేరే చెప్పక్కర్లేదు.

"మనుషులతో భాగిస్తే ఏం పోయింది సార్, మనిషికే కదా దెబ్బ తగిలేది" అని ఒకరు గట్టిగానే అడిగారు. మంచి ప్రశ్న. పక్కనే ఒక మామిడి జ్యూస్ ఫ్యాక్టరీ పెట్టి చూద్దాం. తోతాపురి సీజన్‌లో 75 రోజులు నడుస్తుంది, 200 మంది, రోజుకి 10 గంటలు, 6 గాయాలు. మనుషులతో భాగిస్తే నూటికి 3. గ్రానైట్ యూనిట్ ఏడున్నర, జ్యూస్ ఫ్యాక్టరీ 3 కాబట్టి ఇక్కడ పని నయం అనిపిస్తుంది. ఇప్పుడు గంటలు వేయండి. 200 × 10 × 75 అంటే 1,50,000 గంటలు, రేటు 40. మొత్తం తిరగబడింది! రెండున్నర నెలలు మాత్రమే కత్తి పట్టుకున్న మనిషిని, ఏడాది పొడుగునా రాయి కోసిన మనిషితో తలకి తల సమానమని లెక్కేస్తే, సీజన్ పనులన్నీ కాగితం మీద మహా భద్రంగా కనిపిస్తాయి. మన జిల్లాల్లో సీజన్ పనులు తక్కువేం కాదు కాబట్టి ఈ తేడా మనకి ఇంకా ముఖ్యం.

నేను వాడే చిన్న అడ్డదారి ఒకటి చెబుతాను. రోజుకి 8 గంటలు, 300 రోజులు అయితే మనిషికి ఏడాదికి 2,400 గంటలు. ఇది గుర్తుంటే చాలు, పది లక్షల గంటలంటే దాదాపు 417 మంది ఏడాది పని అని తెలిసిపోతుంది. అమెరికా అంకెలు చదివేటప్పుడు మాత్రం ఆగండి. అక్కడ లెక్క 2 లక్షల గంటలకి వేస్తారు, అంటే వందమంది వారానికి 40 గంటల చొప్పున 50 వారాలు చేసే పని. వాళ్ల రేటుని 5తో గుణిస్తే మన కొలతలోకి వస్తుంది. అది చూసుకోకుండా "అమెరికాలో 3, మనకి 31" అని రాసిన వ్యాసాలు చదివితే నాకు మనసు కష్టంగా ఉంటుంది. ఎక్సెల్‌లో వేసేముందు ఒకసారి పెన్సిలుతో వేయండి, ఎక్కడ సున్నా జారిందో చెయ్యి పట్టేస్తుంది.

ఇక అసలు గొడవ. ఇది పోయినసారే చెప్పాల్సినంత పెద్ద విషయం, విడిగా చెబుదామని ఆపాను. గాయాల లెక్కలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది కాంట్రాక్టు మనుషుల సంగతి.

ఒక యూనిట్ తీసుకోండి. కంపెనీ రోల్ మీద, అంటే కంపెనీ సొంత ఉద్యోగులు 60 మంది, మేస్త్రీ (కాంట్రాక్టరు) తెచ్చినవాళ్లు 90 మంది. అందరికీ ఏడాదికి 2,400 గంటలే. రోల్ మీద ఉన్నవాళ్ల గంటలు 1,44,000, మేస్త్రీ మనుషులవి 2,16,000, మొత్తం 3,60,000. ఆ ఏడు రోల్ వాళ్లకి 3 గాయాలు, మేస్త్రీ మనుషులకి 9. నిజమైన రేటు 12 గాయాలకి 3,60,000 గంటలు, అంటే 33.3. ఇప్పుడు కంపెనీ గాయాల రిజిస్టర్ తెరిచామనుకోండి. అందులో 3 గాయాలే ఉంటాయి, ఎందుకంటే మేస్త్రీ మనుషుల పేర్లు అందులోకి ఎక్కవు. గంటలు మాత్రం గేటు దగ్గర హాజరు నుంచి మొత్తం తీసుకుంటారు. 3 గాయాలు, 3,60,000 గంటలు, రేటు 8.3. నాలుగో వంతుకి పడిపోయింది.

ఎందుకు రాయలేదని అడిగితే వచ్చే జవాబు ఈ పని చేసేవాళ్లందరికీ కంఠతా ఉంటుంది: "వాళ్లు మా మనుషులు కాదు సార్, మేస్త్రీ మనుషులు." పోనీ చట్టం ప్రకారమైనా ఇది నిలబడుతుందా అంటే, నిలబడదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కార్మికుడు అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే, నేరుగా పెట్టుకున్నా, కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్నా, యజమానికి తెలిసినా తెలియకపోయినా కార్మికుడే అని ఉంది. 1923 నాటి పరిహార చట్టం కూడా కాంట్రాక్టరు మనిషికి దెబ్బ తగిలితే అసలు యజమానే పరిహారం ఇవ్వాలనేది, ఆ తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం వాళ్లిద్దరి వ్యవహారం. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, కానీ మీ చేతికొచ్చే పాత రిజిస్టర్లు ఆ పాత చట్టాల కింద రాసినవే కాబట్టి ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోండి.

రెండో వైపు నుంచి కూడా ఇదే తప్పు జరుగుతుంది, అది కూడా నాకు అంతే చిరాకు. కార్మికుల పక్షాన కరపత్రం వేసేవాళ్లు 12 గాయాలూ పైన రాసి, కింద రోల్ మనుషుల గంటలు 1,44,000 మాత్రం వేస్తారు. రేటు 83 వస్తుంది. ఉద్దేశం మంచిదే, అంకె మాత్రం అబద్ధం, యజమాని తరఫున వచ్చిన లెక్కలాయన దాన్ని రెండు నిమిషాల్లో పడగొడతాడు, దాంతోపాటు నిజంగా జరిగిన ఆ తొమ్మిది గాయాలు కూడా ఎవరూ నమ్మని మాట అయిపోతాయి. అందుకే విడివిడిగా వేయండి. రోల్ వాళ్లకి 3 బై 1,44,000, అంటే 20.8. మేస్త్రీ మనుషులకి 9 బై 2,16,000, అంటే 41.7. ఇప్పుడు చూడండి, సరైన పద్ధతిలో వేసినా మేస్త్రీ మనుషుల రేటు రెట్టింపు వచ్చింది. అంకెని పెంచాల్సిన అవసరమే లేదు.

ఇంకో రూపం కూడా ఉంది, ఇది కొంచెం లోతుగా దాక్కుంటుంది. ఒక ఏడాది స్లాబులు లోడింగ్ చేసే పని రోల్ వాళ్లే చేశారు. మరుసటి ఏడాది ఆ పని కాంట్రాక్టుకి ఇచ్చేశారు. రోల్ వాళ్ల గాయాలు తగ్గాయి, వాళ్ల గంటలూ తగ్గాయి, పైనా కిందా ఒకే మనుషులు ఉన్నారు కాబట్టి రేటు కూడా పద్ధతిగానే వచ్చింది, బాగా తగ్గింది. కానీ యార్డులో అదే రాయి, అదే క్రేన్, అదే తాడు. ప్రమాదమున్న పని వేరే జాబితాలోకి మారిందంతే. కాబట్టి రెండేళ్ల రేట్లు పోల్చేముందు ఆ మధ్యలో ఏ పని ఎవరి చేతికి మారిందో అడగండి. గేటు దగ్గర టీ కొట్టులో అడిగినా చెబుతారు.

గాయం అంటే ఏ గాయం అనేది కూడా చాలామంది వదిలేశారు. ఫ్యాక్టరీల చట్టం కింద, మనిషి చనిపోయినా, 48 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పనికి రాలేకపోయినా అధికారులకి నోటీసు పంపాలని ఉండేది. ఈ 48 గంటల గీత దగ్గరే చాలా జరుగుతుంది. వేలికి కుట్లు పడిన మనిషిని మర్నాడు ఆటో పంపించి పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, హాజరు వేసి, లైట్ డ్యూటీ అంటారు. జ్యూస్ ఫ్యాక్టరీలో కాయ కోసే ఆడవాళ్ల ఎడమ చేతులు చూడండి. చూపుడు వేలికి పాత చీర పేలిక చుట్టి, దానిమీద ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసుకుని ఉంటారు, రసం తగిలితే మండుతుందని. కాయల సొన పడి కాలిన మచ్చలు మణికట్టు దాకా ఉంటాయి. వీటిలో ఏదీ నోటీసు దాకా పోదు. కాబట్టి రేటు రాసినప్పుడల్లా పక్కన ఒక వాక్యం రాయండి: ఏ గాయాలు కలిపాం, ఏవి కలపలేదు.

"మా దగ్గర సున్నా, రేటు కూడా సున్నా" అని రాసినవారికి ఒక్క మాట. 12 మంది ఉన్న యూనిట్‌లో ఏడాదికి 28,800 గంటలు. అంత తక్కువ గంటల్లో సున్నా రావడం పెద్ద విశేషమేమీ కాదు. గాయాలు సున్నా వచ్చినప్పుడు పైన 3 వేసి భాగించండి, నిజమైన రేటు ఎంత ఎక్కువ దాకా ఉండొచ్చో నూటికి 95 పాళ్ల నమ్మకంతో తెలుస్తుంది. ఇక్కడ అది 104. అంటే సున్నా చూసి ఆ యూనిట్ భద్రమనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. మూడు నాలుగేళ్లు కలిపి వేయండి.

ఇప్పుడు రెండు జాబితాలు. రిజిస్టర్‌లో లేని గాయాలని ఎలా లెక్కపెట్టాలి? ఒక ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక ఏడాది యూనిట్ల రిజిస్టర్లలో 24 గాయాలు ఉన్నాయనుకోండి. అదే ఏడాది, అదే ఎస్టేట్ నుంచి ఆస్పత్రి క్యాజువాలిటీకి వచ్చిన పని గాయాలు 40. రెండిట్లోనూ కనిపించినవాళ్లు 12 మంది. 24ని 40తో గుణించి 12తో భాగిస్తే 80. మనం కళ్లతో చూసినవి 24, 40 కలిపి 12 తీసేస్తే 52. మిగిలిన 28 ఏ జాబితాలోనూ లేవు. ఎందుకిలా అంటే, ఆస్పత్రికి వచ్చిన 40 మందిలో రిజిస్టర్‌కి ఎక్కింది 12 మంది, అంటే నూటికి 30. రిజిస్టర్ మొత్తం గాయాల్లో కూడా నూటికి 30 మాత్రమే పట్టుకుంటోందనుకుంటే, 24 నూటికి 30 అయ్యేది 80కి.

ఈ పద్ధతికి మన దేశంలోనే మంచి చరిత్ర ఉంది. కలకత్తా దగ్గర సింగూర్‌లో జనన మరణాలు ఎన్ని నమోదు కాకుండా పోతున్నాయో తేల్చడానికి చంద్రశేఖరన్, డెమింగ్ అనే గణాంక నిపుణులు కలిసి 1949లో ఇదే దారిని వివరించారు. పని గాయాల మీద బోస్టన్ యూనివర్సిటీకి చెందిన లెస్లీ బోడెన్, ఆల్ ఒజొనాఫ్‌తో కలిసి 2008లో అమెరికాలోని ఆరు రాష్ట్రాలకి ఇలా వేస్తే, ప్రభుత్వ సర్వేలోనూ, పరిహారం క్లెయిముల్లోనూ చాలా గాయాలు తప్పిపోతున్నాయని తేలింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో జె. పాల్ లీ అనే ఆర్థికవేత్త ఉద్యోగ జీవితంలో చాలా భాగం ఈ గాయాల ఖర్చు తేల్చడానికే పెట్టారు. 2007లో అమెరికాలో పని గాయాలు, పని జబ్బుల ఖర్చు 250 బిలియన్ డాలర్లని 2011లో రాశారు. ఏ ఒక్క జాబితానీ నమ్ముకుంటే తేలే అంకె కాదది. ఎం.ఏ. ఎకనామిక్స్ చేసి పీహెచ్‌డీకి టాపిక్ లేదని తిరిగే పిల్లలు ఈ దారి చూడాలని నా కోరిక. మన దగ్గర నగరి మరమగ్గాల నుంచి శ్రీసిటీ దాకా లెక్కపెట్టాల్సింది బోలెడంత ఉంది.

జాగ్రత్తలు రెండు. రిజిస్టర్‌కి ఎక్కినవాళ్లనే కంపెనీ జీపులో ఆస్పత్రికి తీసుకుపోతుంటే రెండు జాబితాలూ విడివిడివి కావు, ఉమ్మడి పేర్లు ఎక్కువ వస్తాయి, 80 కంటే నిజం ఎక్కువే ఉంటుంది. ఇక పేర్లు. మన వైపు ఒక ఎస్టేట్‌లో మునిరత్నాలు, మునెమ్మలు, వెంకటేశులు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. పేరు చూసి కలిపేస్తే నలుగురు ఎక్కువ కలిసి 12 కాస్తా 16 అవుతుంది, జవాబు 80 నుంచి 60కి పడిపోతుంది. వయసు, ఊరు, తారీఖు, ఏ చెయ్యి, నాలుగూ కలవాలి. మూడు కలిస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టి, వాళ్లని కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్క వేయండి.

అభ్యాసం ఈసారి కష్టమైనదే. మీకు తెలిసిన ఒక పనిచోటు తీసుకోండి, మిల్లైనా, వర్క్‌షాపైనా, హోటలు వంటగదైనా. పోయిన నెల గంటలు రోల్ వాళ్లవి ఒక వరస, కాంట్రాక్టు వాళ్లవి ఒక వరస. హాజరు పట్టీ చూపించకపోతే పనిచేసేవాళ్లనే షిఫ్టుల గురించి అడిగి వేయండి. తర్వాత గాయాలకి రెండు జాబితాలు: ఒకటి యాజమాన్యం చెప్పినది, రెండోది పనిచేసేవాళ్లు చెప్పినది. పేర్లు ఎక్కడా రాయకండి, నంబర్లు ఇవ్వండి, ఎవరి ఉద్యోగానికీ మీ కాగితం వల్ల ఇబ్బంది రాకూడదు. ఉమ్మడిగా ఒక్కటీ రాకపోతే భాగించడానికి ఏమీ ఉండదు, అప్పుడు ఇంకో నెల కలపండి. వరసల రేట్లు రెండూ, ఏ గాయాలు కలిపారో చెప్పే వాక్యమూ పంపండి.

వచ్చే పాఠం గాయాల వల్ల నష్టపోయిన పనిదినాల లెక్క. అందులో ఒక మరణానికి 6,000 రోజులు వేస్తారు, ఆ అంకె మీద మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.